214 గది కిటికీ

"సంతకం పెట్టను," అన్నాడు ఇద్రీస్.

ఆ మాట అతను అప్పటికి చాలాసార్లు అనివుంటాడని గుమ్మంలో నిలబడ్డ కాపలావాడి మొహం చూస్తేనే హజ్జా సకీనాకు అర్థమైంది. యాస్మీనా ఓడలో ప్రయాణికుల పెట్టెలు దాచే గది అది. కిటికీ లేదు. నిన్న మధ్యాహ్నం నుంచి ఇద్రీస్‌ను అందులోనే కూర్చోబెట్టారు. టేబుల్ మీద ఒక కాగితం, దాని మీద పెన్ను, వాటి వెనక జలాల్ బాషా. యూనిఫారం ఉద్యోగంలో రిటైరై, ఇప్పుడు ఈ కంపెనీ మూడు ఓడలకూ భద్రతాధికారిగా ఉన్నాడు. యూనిఫారం పోయినా గొంతు పోలేదు.

"రండి హజ్జా, రండి! ఇంట్లో ములుఖియా కూర వండుకునే వేళ ఓడలెక్కుతున్నారేమిటి?"

"వండే వచ్చాను బాషా. మూత పెట్టి వచ్చాను. చల్లారేలోగా వెళ్ళిపోవాలి కనక మీరు నా టైము తినకపోతే మేలు."

హజ్జా సకీనాకు యాభై ఎనిమిదేళ్ళు. నేరపరిశోధన విభాగంలో ఇరవై ఆరేళ్ళు పనిచేసి రిటైరైంది. ఇప్పుడు లాయర్లు పిలిస్తే వెళుతుంది. ఈసారి లాయరు కూడా పిలవలేదు. పొద్దున్నే ఇద్రీస్ భార్య హలీమా వచ్చి వంటింటి గుమ్మంలో కూర్చుంది. ఏడవలేదు. "నా మొగుడు ఓడకూ ఓడకూ మధ్య బల్ల వెయ్యకుండా పోయే మనిషి కాడు," అని ఆ ఒక్క మాటే అంది. హజ్జా పొయ్యి ఆర్పి, ప్రాసిక్యూటర్ ఆఫీసుకు వెళ్ళి చీటీ రాయించుకుంది.

ఆ చీటీ ఇప్పుడు టేబుల్ మీద పెట్టింది.

జలాల్ చదివాడు. "మూడు గంటల దాకా ఓడలు కదలకూడదు. మీరు చూడొచ్చు, అడగొచ్చు. సరే. మూడు దాటాక?"

"మీరే చెప్పండి."

"మూడు దాటాక అమీరా ఓడ అస్వాన్‌కు పోతుంది. ఇతను జైలుకు పోతాడు. మీరు మీ ములుఖియా దగ్గరికి పోతారు. అందరికీ ఏదో ఒక దారి ఉంది." గడియారం చూసుకున్నాడు. "ఒంటిగంటా పదిహేను. కథ చెప్పనా? చాలా చిన్నది."

"చిన్న కథలే నాకిష్టం."

చెప్పాడు. కైరోలో ఒక ప్రయాణాల ఆఫీసు. అందులో పనిచేసే మనిషి ఇంజీ షుక్రల్లా, నలభై ఏళ్ళది. రిటైరైన డాక్టర్లు ముప్పై రెండు మంది, భార్యలతో, భర్తలతో లుక్సర్ నుంచి అస్వాన్ దాకా ఓడలో వెళ్ళాలనుకున్నారు. ఏ ఓడ బుక్ చేయాలో తేల్చుకోవడానికి ఇంజీ నిన్న, శుక్రవారం, ఈ మూడు ఓడలూ చూడ్డానికి వచ్చింది. పాత ప్రయాణికులు పొద్దున్నే దిగిపోయారు, కొత్తవాళ్ళు సాయంత్రానికి గాని రారు. ఓడలన్నీ ఖాళీ. గట్టును ఆనుకుని తాజ్, దాని పక్కన యాస్మీనా, దానికవతల అమీరా, మూడూ భుజాలు రాసుకుని కట్టేసి ఉన్నాయి. చివరి ఓడకు వెళ్ళాలంటే మొదటి రెండిటి హాళ్ళలోంచి నడిచిపోవాల్సిందే. పదింపావుకు తాజ్ చూసింది. పదకొండుకు యాస్మీనా. పదకొండూ యాభైకి యాస్మీనా ఓడకు నది వైపున్న తలుపు తీసి అమీరాలోకి అడుగేసింది.

"కింద బల్ల లేదు," అన్నాడు జలాల్. "రెండు ఓడల మధ్య సందులో పడిపోయింది. ఒంటిగంటకు శవం దొరికింది. బల్ల వేయాల్సింది చివర వచ్చిన ఓడవాడు. అంటే అమీరావాడు. అంటే వీడు. బల్ల వెయ్యకుండా నమాజుకు పోయాడు. దేవుడి పని మీద తొందర, మనుషుల పని మీద అశ్రద్ధ. రాసింది ఒప్పుకుంటే అశ్రద్ధ కింద రెండేళ్ళు. ఒప్పుకోకపోతే ఇంకేం రాయాలో నాకు తెలుసు."

ఇద్రీస్ తల ఎత్తాడు. నల్లటి మొహం, తెల్లబడుతున్న గడ్డం, పెద్ద అరచేతులు.

"ఆ రెండేళ్ళూ నువ్వే ఉండు, బాషా," అన్నాడు. "నేను చెయ్యని పనికి ఒక్క రోజు కూడా ఉండను."

"చూశారా, పొగరు!"

"చూశాను," అంది హజ్జా. "ఇక మీరు కాస్త బయట నిలబడండి. చీటీలో 'అడగొచ్చు' అని ఉంది. 'అందరి ముందూ అడగొచ్చు' అని లేదు."

జలాల్ లేచాడు. కాగితం, పెన్ను మాత్రం అక్కడే ఉంచి వెళ్ళాడు.

"తమ్ముడూ, నిన్న ఎన్నింటికి దిగావు?" అంది హజ్జా.

"పదకొండుంపావుకు. శుక్రవారం గదా, ఆలస్యమైతే ఎండలో కూర్చోవాలి. మాలో నమాజుకు పోయేవాళ్ళమంతా కలిసే వెళ్ళాం."

"అప్పుడు బల్ల ఉందా?"

"దాని మీదినుంచే గదా నడిచి వెళ్ళాను! ఎగిరి వెళ్ళానా? మా అమీరా వైపు చివర తాడు చుట్టి ఉంది. పొద్దున ఆరింటికి నేనే వేశాను."

"తిరిగి ఎన్నింటికొచ్చావు?"

"పన్నెండూ ముప్పై అయిదుకు. బల్ల లేదు. అమీరా డెక్ మీద, గోడకు ఆనించి ఉంది. ఎవరు తీశారని అరిచాను. ఎవరూ పలకలేదు. మళ్ళీ నేనే వేశాను. కాసేపటికి అరుపులు వినపడ్డాయి." అతను తన అరచేతుల వైపు చూసుకున్నాడు. "ఆ అమ్మ అప్పటికే కింద ఉంది, హజ్జా. ఆవిడ పైనే నేను బల్ల వేసుకున్నాను."

హజ్జా చేతిలోని జపమాలలో ఒక పూస జరిపింది.

"ఊరికే ఎవరైనా బల్ల తీస్తారా?"

"తియ్యరు. ఓడ కదిలేటప్పుడే తీస్తారు. దానికో పద్ధతుంది. తలుపులో ఒక మనిషి నిలబడాలి. బల్ల మీద చూడాలి, వంగి కింద సందులో చూడాలి. ఏమీ లేకపోతే 'ఖాళీ!' అని అరవాలి. ఆ మాట వినపడందే ఓడ నడిపే రయ్యిస్ ఇంజన్ మీద చెయ్యి వెయ్యడు. ఓడ పక్కన చేరేటప్పుడూ అంతే. ఇరవై రెండేళ్ళుగా ఆ మాట అనేవాణ్ణి నేనే."

"నిన్న ఓడ కదిలిందా?"

"ఎందుకు కదులుతుంది? వెళ్ళేటప్పుడు ఎక్కడుందో వచ్చేటప్పుడూ అక్కడే ఉంది."

హజ్జా జపమాల చేతికి చుట్టుకుని లేచింది. బయట జలాల్ గోడకు ఆనుకుని ఉన్నాడు.

"ఏమంటాడు?"

"నమాజుకు పోయానంటాడు. మీరూ వెళ్ళారా బాషా?"

"నేను వెళ్ళకపోతే మా మసీదులో మొదటి వరస ఖాళీగా ఉంటుంది. నా నమాజు లెక్క మీకెందుకు, హజ్జా?"

"నాకొద్దు. ఆ లెక్క చూసేవాడు వేరే ఉన్నాడు."

*

యాస్మీనా రెండో అంతస్తు గదులు చూసే మనిషి అబనూబ్. సన్నగా పొడుగ్గా ఉంటాడు. తువ్వాళ్ళతో హంసలూ మొసళ్ళూ చేసి పరుపుల మీద పెట్టడం అతని ప్రత్యేకత. నిన్న ఇంజీకి గది చూపించింది అతనే. క్రైస్తవుడు కనక మిగతావాళ్ళతో మసీదుకు వెళ్ళలేదు.

"ఎలాంటి మనిషి?" అంది హజ్జా నడవలో అతని వెంట నడుస్తూ.

"చచ్చిపోయిన మనిషి గురించి అనకూడదు గాని హజ్జా, మహా చాదస్తం! నేను గది తలుపు తీసి, 'ఇదిగోండి మదాం, పట్టు దుప్పటి, ఇదిగో కాఫీ మిషను' అంటుంటే, 'నువ్వు బయట ఉండు బాబూ, నేను పది నిమిషాలు ఊరికే కూర్చోవాలి' అంది. ఊరికే కూర్చోడానికి కైరో నుంచి వచ్చిందా? మా ఇంట్లో మా ఆవిడ ఊరికే కూర్చోమంటే కూర్చోదు."

"తరవాత?"

"పది నిమిషాలకు తలుపు తీసింది. 'నడవలో లైట్లు ఎందుకు దండగ, ఇంత వెలుతురుంటే? ఆర్పెయ్యి' అంది. ఆర్పేశాను. 'ఇంకొంచెం సేపు కూర్చుంటాను, నువ్వెళ్ళు' అంది. వెళ్ళిపోయాను. మళ్ళీ చూడలేదు."

"ఏ గది?"

"రెండొందల పద్నాలుగు. సరి అంకెల గదులన్నీ పడమర వైపు, నది వైపు."

హజ్జా ఫోను మోగింది. కైరో ఆఫీసు యజమానురాలు మదాం విదాద్. ప్రాసిక్యూటర్ ఆఫీసులో నంబరు తీసుకుని హజ్జా పొద్దునే ఆమెతో మాట్లాడింది.

"హజ్జా, ఇంజీ కాగితాలు పంపించాను, చూశారా? ఒక్కో ఓడ చూడగానే తను రాసుకున్న కాగితం ఫోటో తీసి పంపడం దాని అలవాటు. తాజ్ కాగితం పదీ యాభైకి వచ్చింది. యాస్మీనాది పదకొండూ నలభై ఆరుకు. అమీరాది రాలేదు. ఆ కంపెనీవాళ్ళు ఫోను చేసి, మీ మనిషి ఫోనులో మునిగిపోయి కింద చూసుకోలేదు అన్నారు. ఇంజీ అలాంటిది కాదు. అది చూడకుండా ఒక్క మెట్టు దిగదు."

"ఫోను దొరికిందా?"

"నదిలో పోయిందట. రాసుకునే పుస్తకం కూడా."

హజ్జా నడవలోనే నిలబడి, కళ్ళజోడు పెట్టుకుని, ఆ రెండు ఫోటోలూ పెద్దవి చేసి చదివింది.

బంగారు కుళాయిల గురించీ ఈతకొలను గురించీ ఇంజీ ఒక్క ముక్క రాయలేదు. ప్రతి ఓడలోనూ అవే అయిదు ప్రశ్నలు. గది కిటికీ లోంచి ఏం కనపడుతుంది? పది నిమిషాలు ఊరికే కూర్చుంటే ఏం వినపడుతుంది? వేడినీళ్ళు రావడానికి ఎంతసేపు పడుతుంది? రొట్టె ఈ రోజుదేనా? ఎవరూ వినడం లేదనుకున్నప్పుడు పనివాళ్ళు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారు?

'ఈమె నా పనిలోకి రావాల్సిన మనిషి,' అనుకుంది హజ్జా. ఒక్కసారైనా కలిసి టీ తాగి ఉంటే బాగుండేదనిపించింది.

తాజ్ కాగితంలో మొదటి జవాబు: "కిటికీ: పక్క ఓడ గోడ. చెయ్యి చాపితే అందుతుంది. దీపం లేకపోతే చదవలేను. డాక్టర్లు ఒప్పుకోరు."

యాస్మీనా కాగితంలో: "కిటికీ: నది, అవతలి గట్టున చెరుకు తోట, కొండ. నది మధ్యలో ఒక తెల్ల ఓడ ఆగి ఉంది. గది నిండా వెలుతురు. తాజ్ కంటే ఎంతో మేలు."

ఇంకేముంది అన్నట్టు ఫోను సంచిలో వేసుకుంది. "తలుపు తియ్యి, అబనూబ్."

తలుపు తెరుచుకుంది. లోపల చీకటి. అబనూబ్ అలవాటుగా లైటు స్విచ్చి మీద చెయ్యి వేశాడు.

"వద్దు. తెర తియ్యి."

అతను బరువైన తెరను ఒక మూలకు లాగాడు. గదిలోకి వెలుతురు ఏమీ రాలేదు. అద్దానికి మూరెడు దూరంలో అమీరా ఓడ తెల్ల గోడ. దానికో కిటికీ. ఆ కిటికీ వెనక పరుపు మీద తువ్వాలు మొసలి ఒకటి నోరు తెరిచి ఇటే చూస్తోంది.

"అమీరావాళ్ళకు మొసలి చెయ్యడం రాదు," అన్నాడు అబనూబ్. "తోక చూడండి, గాడిదకున్నట్టుంది."

హజ్జా నవ్వలేదు. గడియారం చూసింది. రెండు గంటలైంది. నిన్న ఇంజీ ఇక్కడ కూర్చున్నదీ ఇంచుమించు ఇలాంటి పట్టపగలే. ఇదే కిటికీ. గది నిండా వెలుతురు అని రాసింది.

"అబనూబ్, నిన్న లైట్లు ఆర్పాక నీకు నడవలో దారి కనపడిందా?"

"కనపడకేం? ఆవిడ తలుపు తీసి ఉంచింది గదా, ఇదిగో ఇక్కడిదాకా వెలుతురు..." అంటూ నేల వైపు వేలు చూపించి ఆగిపోయాడు. ఆ వేలు చూపిస్తున్న చోట తన చెప్పులు కూడా అతనికి సరిగా కనపడటం లేదు. తలెత్తి మొసలి వైపు చూశాడు. మళ్ళీ నేల వైపు చూశాడు.

"ఏసు ప్రభువా," అన్నాడు మెల్లగా. "అమీరా అప్పుడు ఇక్కడ లేదు."

"ఈ మాట ఎవరితోనూ అనకు. వంటగదిలోకి వెళ్ళి నలుగురి మధ్య కూర్చో. నేను పిలిస్తేనే రా."

*

అమీరా సారంగు రయ్యిస్ దందరావీ పై అంతస్తులో చక్రం దగ్గర ఒంటరిగా ఉన్నాడు. ఎదురుగా టీ గ్లాసు, చల్లారిపోయి మీగడ కట్టింది. హజ్జా మెట్లెక్కి వచ్చి, అడక్కుండానే పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. రెండూ ఇరవై.

"నిన్న పొద్దున ఎన్నింటికి కట్టేశావు రయ్యిస్?"

"ఆరింటికి. మళ్ళీ విప్పలేదు. రాసిచ్చాను గదా."

"మరి పదకొండూ నలభైకి నది మధ్యలో ఆగిన తెల్ల ఓడ ఎవరిది?"

అతను టీ గ్లాసు తీసి తాగబోయి, మీగడ చూసి కింద పెట్టేశాడు. "నదిలో తెల్ల ఓడలకేం కొదవ?"

"కొదవ లేదు. కాని యాస్మీనా రెండొందల పద్నాలుగో గదిలోంచి అది కనపడాలంటే మధ్యలో నీ ఓడ ఉండకూడదు."

"పైన డెక్ మీదినుంచి చూసి రాసుకుంది కాబోలు!"

"నడవలో లైట్లు ఆర్పించింది రయ్యిస్. డెక్ మీద కూర్చుని నడవలో లైట్లు దండగని ఎవరంటారు? ఆ గది నేనిప్పుడే చూసి వస్తున్నాను. నీ ఓడ పక్కనుంటే అది పట్టపగలు బావిలా ఉంటుంది." హజ్జా గొంతు పెంచలేదు. "అక్కడికి ఎందుకెళ్ళావు?"

అతను టీ గ్లాసును పక్కకు జరిపాడు.

"మురుగు తొట్టి," అన్నాడు. "నిండిపోయింది. ఖాళీ చేసే రేవు దగ్గర వరసలో నిలబడితే పూట పోతుంది, సాయంత్రం ప్రయాణికులొచ్చేస్తారు. కంపెనీవాళ్ళకు పూట పోవడం ఇష్టం ఉండదు. శుక్రవారం ఆ వేళకు గట్టు మీద పురుగు కూడా ఉండదు. నది మధ్యకు పోయి వదిలేసి వచ్చేస్తాం. ఇంజన్ గదిలో ఒకడు, నేను. అంతే."

"నమాజుకు ముందు నువ్వు వుజూ ఏ నీళ్ళతో చేస్తావు?"

"ఈ నీళ్ళతోనే. మా తాత కూడా..."

"ఎలా చేస్తావు? తప్పు పట్టి అడగడం లేదు రయ్యిస్, నిజంగానే తెలియక అడుగుతున్నాను. అదే నీళ్ళలో అది వదిలి, అదే నీళ్ళు మొహాన చల్లుకుని, ఎలా నిలబడతావు ఆయన ముందు?"

దందరావీ చక్రం మీద చేతులు బిగించాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, పరీక్ష తప్పిన పిల్లాడిలా తల వంచుకున్నాడు.

"బల్ల ఎవరు తీశారు?" అంది హజ్జా.

"జలాల్ బాషా. తాళ్ళు విప్పిందీ ఆయనే. పదకొండూ ఇరవై అయిదుకు. నేను కదిలాక ఆయన యాస్మీనా తలుపులోనే నిలబడ్డాడు."

"మసీదులో మొదటి వరసలో నిలబడ్డానన్నాడు నాతో."

"యాస్మీనా తలుపులో నిలబడ్డాడు, హజ్జా. నేను కదా చూసింది." గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. "నేనే చెప్పాను. రేడియోలో నేనే చెప్పాను. 'యాస్మీనా రెండో అంతస్తు కిటికీలో ఒక ఆడమనిషి మన వైపు ఫోను పట్టుకుని ఉంది' అని. పదకొండూ నలభై రెండు. నాకు భయమేసింది. ఫోటో బయటికి పోతే ఓడ లైసెన్సు పోతుంది. 'నేను చూసుకుంటాలే' అన్నాడు. మాట్లాడి పంపేస్తాడనుకున్నాను."

"తరవాత?"

"పన్నెండూ పదికి తిరిగొచ్చాను. ఆయన అదే తలుపులో ఉన్నాడు. నేను ఇక్కడినుంచి సందులోకి చూడలేను, ఆయనే చూడాలి. 'కింద చూడండి బాషా' అన్నాను. చూశాడు. వంగి, తలుపు పట్టుకుని మరీ చూశాడు. 'ఖాళీ' అన్నాడు, హజ్జా. నేను ఓడను యాస్మీనాకు ఆనించాను."

కింద ఎక్కడో టైర్లు రెండు ఓడల మధ్యా కిర్రుమన్నాయి. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"ఈ మాట ప్రాసిక్యూటర్ ముందు చెబుతావా?"

అతను నది వైపు తిరిగాడు.

అప్పుడే రేడియో గురగురమంది. జలాల్ గొంతు. "రయ్యిస్, రెండూ యాభై. ఇంజన్ వేడెక్కనీ. ఆవిడ ఇంకా నీ దగ్గరే ఉందా? ఉండనీ, దింపకు. గాలి మార్పు మంచిదే. దారిలో ఎక్కడో నేను దించుతాను."

దందరావీ ఆమె వైపు చూశాడు. అతని చెయ్యి అలవాటు కొద్దీ ఇంజన్ మీటల మీదికి వెళ్ళింది. ఓడ కింద నుంచి సన్నగా వణకడం మొదలుపెట్టింది.

హజ్జా లేచి అబాయా సర్దుకుంది.

"నిన్ను బలవంతం చెయ్యను రయ్యిస్. కింద ఒకడున్నాడు. ఏమీ చెయ్యకుండానే ఒప్పుకోమంటే ఒప్పుకోలేదు. నువ్వు చేసింది ఒప్పుకోవడానికి అంతకంటే ఎక్కువ ధైర్యం కావాలో, తక్కువ కావాలో నాకు తెలీదు. ఆలోచించు. నేను కిందికెళ్ళి కూర్చుంటాను."

"ఎక్కడ కూర్చుంటారు?"

"అందరికీ కనపడేచోట."

*

రెండూ యాభై ఆరు. అమీరాకూ యాస్మీనాకూ మధ్య వేసిన బల్ల రెండు గజాల పొడవుంటుంది. హజ్జా సకీనా దాని మధ్యకు నడిచి, చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. సంచిలోంచి టీ ఫ్లాస్కు తీసింది. కింద సందులో నీళ్ళు నల్లగా, ఇరుకుగా, పైకీ కిందికీ ఆడుతున్నాయి. అటు చూడకూడదనుకుంది. చూసింది. ఇంజీ పేరు చెప్పుకుని మనసులో ఒక ప్రార్థన చదివింది. ఇంజీ క్రైస్తవురాలు, ఆమె చదివే ప్రార్థన ఇది కాదు. అయినా వినేవాడు ఒక్కడే గదా అనుకుంది.

యాస్మీనా తలుపులోకి జలాల్ వచ్చాడు. వెనక ఇద్దరు కాపలావాళ్ళు, వాళ్ళ మధ్య ఇద్రీస్.

"ఏమిటిది హజ్జా?"

"టీ."

"లేవండి. బల్ల తీయాలి."

"తీయలేరు. బల్ల మీద మనిషి ఉండగా ఓడ కదపకూడదని మీ ఇద్రీస్ ఇప్పుడే నేర్పాడు నాకు."

జలాల్ నవ్వాడు. "అసర్ నమాజు వేళయింది. ఇక్కడే చాప పరుస్తారా? నమాజు చేసే మనిషిని లేపలేమని ఎత్తుగడా?"

"దేవుణ్ణి అడ్డం పెట్టుకునే పని నాకు చేతకాదు బాషా, అది మీకు వచ్చు. నిన్న మసీదులో మొదటి వరసలో ఉన్నానన్నారు. అదే వేళకు ఈ తలుపులో ఉన్నారు. నేను మాత్రం ఊరికే కూర్చున్నాను. ఇంజీ కూడా నిన్న ఊరికే కూర్చుంది, రెండొందల పద్నాలుగులో."

జలాల్ మొహంలో నవ్వు అలాగే ఉంది. కళ్ళలోది మాత్రం పోయింది.

"ఆ గదిలోంచి నది కనపడిందట ఆవిడకు," అంది హజ్జా, గ్లాసులో టీ పోసుకుంటూ. "గది నిండా వెలుతురు అని రాసి, పదకొండూ నలభై ఆరుకు కైరోకు పంపింది. పుస్తకం నదిలో పడేశారు, ఫోనూ పడేశారు. కాగితం అప్పటికే ఊరు దాటిపోయింది బాషా. మీరు ఒక్కసారి ఆ గదిలోకి వెళ్ళి తెర తీసి చూసుంటే, మీ రిపోర్టు ఇంకోలా రాసుకునేవారు. మీరంతా ఇంతే. రోజూ పది ఓడల మధ్య తిరుగుతారు, ఏ కిటికీలోంచి ఏం కనపడుతుందో మీకు తెలీదు. అది చూసేది డబ్బిచ్చి ఎక్కేవాళ్ళే."

ఇద్రీస్ ఆమె వైపు చూశాడు, తరవాత అమీరా గోడ వైపు, తరవాత జలాల్ వీపు వైపు. బల్ల ఎందుకు గోడకు ఆనించి ఉందో అతనికి ఇప్పుడు తెలిసింది.

"ఓడ కదిలింది," అన్నాడు. "నేను లేనప్పుడు ఓడ కదిలింది!"

"నోరు ముయ్యి," అన్నాడు జలాల్. కాపలావాళ్ళలో ఒకడి వైపు తిరిగాడు. "వెనక తాడు విప్పు."

"బాషా, ఆవిడ..."

"విప్పమన్నాను! తనే లేస్తుంది."

వాడు వెళ్ళి విప్పాడు. నది ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, అమీరా వెనక భాగాన్ని మెల్లగా తన వైపు లాక్కుంది. సందు వెడల్పయింది. యాస్మీనా గడప మీద ఆనిన బల్ల చివర బెత్తెడు జారింది. హజ్జా పక్కనున్న చెప్పుల్లో ఒకటి నీళ్ళలో పడింది. ఆమె గ్లాసు కింద పెట్టి, రెండు చేతులతో బల్ల అంచులు పట్టుకుంది. లేవలేదు.

"లేవండి హజ్జా," అన్నాడు జలాల్. ఇప్పుడు గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఇంకో బెత్తెడుంది, అంతే. జారిపడ్డారని రాస్తాను. నమ్ముతారు."

"ఒకసారి నమ్మారు," అంది హజ్జా.

జలాల్ తలెత్తి, చక్రం గది వైపు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అరిచాడు.

"ఖాళీ!"

ఇంజన్ గొంతు పెరిగింది. బల్ల ఇంకో రెండు వేళ్ళు జారింది.

"ఖాళీ కాదు!" అని అరిచింది హజ్జా సకీనా. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఎన్నడూ అంత గట్టిగా అరవలేదు. "ఖాళీ కాదు! నేనున్నాను!"

ఇద్రీస్ తనను పట్టుకున్న చేతిని విదిలించుకున్నాడు. కాపలావాడు గట్టిగా పట్టుకోలేదో, పట్టుకోవాలనుకోలేదో చెప్పలేం. మూడు అంగల్లో వెళ్ళి, నీళ్ళలోకి జారిపోతున్న తాడు కొస అందుకుని, ఇనప దిమ్మకు రెండు చుట్లు తిప్పి, దిమ్మకు కాలు తన్నిపెట్టి వెనక్కి వాలాడు. తాడు బిగుసుకుని నీళ్ళు కారింది. బల్ల చివర గడప అంచున బొటనవేలంత మిగిలి ఆగింది.

అప్పుడు ఇంజన్ ఆగిపోయింది.

యాస్మీనా వంటగది తలుపులో అబనూబ్, అతని వెనక వంటవాళ్ళు. తాజ్ కిటికీల్లో మొహాలు. అమీరాలో, ప్రయాణికులను భోజనానికి పిలిచే పెద్ద మైకు ఒకసారి గరగరమంది.

"ఆ మాట నిన్న కూడా నువ్వే అన్నావు, జలాల్ బాషా," అంది దందరావీ గొంతు, వణుకుతూ, నది మీద మోగుతూ. "పన్నెండూ పదికి. కింద వంగి చూసి మరీ అన్నావు. ఆ అమ్మ నీళ్ళలో ఉండగా అన్నావు."

జలాల్ కాలు బల్ల కొస మీదికి వచ్చింది. ఒక్క తోపు చాలు. మెరిసే నల్ల బూటు, హజ్జా మోకాలికి రెండు జానల దూరంలో ఉంది. ఆమె బూటు వైపు చూసింది, తరవాత అతని మొహంలోకి చూసింది.

"తొయ్యి," అంది. "నిన్న ఎవరూ చూడలేదు. ఈసారి ఇంతమంది చూస్తున్నారు."

తరవాత, కళ్ళు అతని మీదినుంచి తిప్పకుండానే, గొంతెత్తి పైకి పిలిచింది.

"రయ్యిస్! మళ్ళీ చెప్పు. ఈసారి గట్టు దాకా వినపడాలి."